నిమ్మతోటలో చమురు సర్వే

ఉదయం ఆరుంబావుకు నాయన వాకిట్లో కూర్చుని పేపరు పైకి చదవడం మొదలుపెట్టాడు. రోజూ చేసే పనే. అమ్మ పొయ్యి దగ్గర నుంచి వినేది, నేను మంచం మీద నుంచి వినేవాణ్ణి. ఆ రోజు మొదటి పేజీలో, చమురు, సహజవాయువు రంగంలో విదేశీ పెట్టుబడులకు మార్గం సుగమం అని ఉంది. సుగమం అనే మాటను పత్రికలు తప్ప మనుషులెవరూ వాడగా నేను వినలేదు.

నాయన ఒక్కో వాక్యం దగ్గర ఆగి చదివాడు. అన్ని పనులకూ ఒకటే లైసెన్సు. ఎక్కడ వెతకాలో కంపెనీయే ఎంచుకోవచ్చు. ఒప్పందం నడుస్తుండగా షరతులు మారవని హామీ. తగాదా వస్తే దేశం బయట కూడా తీర్పు చెప్పించుకోవచ్చు.

"ఆ వచ్చే గ్యాసేదో ముందు మన సిలిండర్లోకి రమ్మను," అంది అమ్మ. "నిన్నటి నుంచి మంట సరిగ్గా లేదు."

"నీకు అన్నీ ఎగతాళే. దేశం సంగతి చదవతా ఉండా."

"చదువు. ఆ హామీలేవో మన బోరుకి కూడా ఇస్తారేమో చూడు."

ఉదయగిరి కొండ కింద మాకు నిమ్మతోట ఉండేది. ఏటా మొదటి కోతలో మంచి కాయలు ఏరి, కోతకాల పండుగకు ఒక బుట్ట గుడికి, అంటే మా ఊరి చర్చికి, పంపేవాళ్ళం. ఆ బుట్ట వెళ్ళాకే వింజమూరు వ్యాపారికి కాయ తూకం వేసేది. ఆ వేసవికి ఉన్న ఒక్క బోరూ ఎండిపోవడానికి సిద్ధంగా ఉంది. మోటారు వేస్తే కాసేపు నీళ్ళు, ఆ తరువాత గాలి. ఆకులు ముడుచుకుంటున్నాయి. కొత్త నీళ్ళు దొరక్కపోతే తోట పోతుందని నాయనకు తెలుసు.

అలాంటప్పుడు ఒక యంత్రం, ఒక ట్యాంకరు, తీగచుట్టలతో ఒక జీపు మా పొలాల్లోకి వచ్చాయి. నేలకు రంధ్రం చేసి, అందులో మందుగుండు పేల్చి, ఆ అదురును తీగలతో పట్టి, లోపల ఏముందో పటం గీస్తారట. ఆ పటాలు చూసుకుని పరాయి దేశపు కంపెనీలు చోటు ఎంచుకుంటాయట. ఇదంతా తరువాత తెలిసింది. ఆ రోజు మాకు తెలిసింది ఒకటే, బోరు బండి వచ్చింది. మా వైపు నేలను తొలిచే యంత్రం కనిపిస్తే ఎవరికైనా వచ్చే ఆలోచన నీళ్ళ గురించే.

నాయన గుడికి కబురు పంపి పాస్టరు అయ్యగారిని పిలిపించాడు. బోరు వేసే ముందు ప్రార్థన చేయించడం మా ఇళ్ళలో అలవాటు. అయ్యగారు కళ్ళు మూసుకుని, బండలోంచి నీళ్ళు ఇచ్చిన దేవుణ్ణి స్తుతించారు. ఆ యంత్రంతో వచ్చిన, హిందీ తప్ప మరో భాష రాని మేస్త్రీ కూడా టోపీ తీసి, తల వంచి నిలబడ్డాడు.

యంత్రం మొదలైన కాసేపటికే రంధ్రంలోంచి ఎర్రటి నీళ్ళు పొంగి పాదుల్లోకి పారాయి. మా బోరు లారీలు గాలితో తొలుస్తాయి. ముందు దుమ్ము వస్తుంది, నీళ్ళు తగిలితేనే తడి వస్తుంది. ఇంకో రకం యంత్రం ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు.

"మామా, కొట్టినావు పో!" అని పక్క పొలం ఆయన గట్టు మీద నుంచి అరిచాడు. "ఈసారి కాయ నీదే!"

నాయన ఆ బురద తీసి ముఖానికి పూసుకున్నాడు. ఆయన నవ్వగా నేను చూసింది చాలా రోజుల తరువాత.

వాళ్ళు మందుగుండు దించి, మమ్మల్ని దూరం జరగమని, పేల్చి, ఆ గుంతను పూడ్చేశారు.

"నీళ్ళు పడిన గుంతను పూడ్చేదేంది?" అని నాయన అడిగితే మేస్త్రీ "ఆర్డర్" అన్నాడు.

నాయన పాడి ఎనుమును అమ్మేశాడు. ఆ గుంత పక్కనే, జానెడు దూరంలో, మన బోరు లారీతో ఇంకో బోరు వేయించాడు. మళ్ళీ అయ్యగారు వచ్చారు. సాయంత్రం దాకా దుమ్మే వచ్చింది. నిమ్మాకులన్నీ తెల్లబడ్డాయి.

ఆ తరువాత ఆత్మకూరులో రైతులకు అవగాహన సదస్సు అన్నారు. బ్యానరు, టీ, బిస్కెట్లు. విదేశీ పెట్టుబడులు వస్తే మా ప్రాంతం దశ తిరుగుతుందని అధికారి తెర మీద బొమ్మలు వేసి చెప్పాడు. చివర్లో నాయన లేచాడు.

"సార్, మా తోటలో నీళ్ళు పడినాయి. మీవోళ్ళు పూడ్చేసినారు. పక్కన వేయిస్తే దుమ్ము వచ్చినాది. ఆ గుంతే మళ్ళీ తీసియ్యండి, చాలు."

అధికారి ఇంజనీరు వైపు చూసి నవ్వాడు. "అవి మా ట్యాంకరు నీళ్ళు పెద్దాయనా. తొలిచేటప్పుడు మేమే లోపలికి పంపుతాం. మేం పోసినవే పైకి వస్తాయి."

హాలంతా నవ్వింది. నవ్విన వాళ్ళలో గట్టు మీద నుంచి అరిచిన పక్క పొలం ఆయన కూడా ఉన్నాడు.

"మేం ప్రార్థన చేస్తా ఉంటే మీవోడు టోపీ తీసినాడే," అన్నాడు నాయన. "ఒక్క మాట చెప్పకూడదా?"

"భాష రాదు కదండీ. అయినా నీళ్ళు మా శాఖ కిందికి రావు," అని అధికారి తరువాతి బొమ్మ వేశాడు. అందులో సముద్రం మధ్య ఒక ఇనుప కట్టడం, దాని మీద ఎవరిదో జెండా ఉన్నాయి.

మాట మార్చని ఒప్పందం కంపెనీకి. దేశం దాటి తీర్పు చెప్పించుకునే హక్కు కంపెనీకి. మా నాయన ఆత్మకూరు దాటనవసరం లేకుండానే తీర్పు విన్నాడు. ఇంటికి వచ్చాక అమ్మ ఏమైందని అడిగితే, "మన నీళ్ళు కావంట," అన్నాడు.

చెట్లు ఆ ఏడే పోయాయి. నాయన మరుసటి ఏడు పోయాడు. మా నేల కింది పటాన్ని ఏ కంపెనీ చూసిందో తెలియదు, ఏ కంపెనీ రాలేదు. పేపర్లో మార్గం ఇంకా సుగమం అవుతూనే ఉంది. నేను చదువుకుంటాను, పైకి చదవను.

కోతకాల పండుగకు మా ఇంటి నుంచి నిమ్మకాయల బుట్ట పంపడం లేదు.