మంచానికి ఎదురుగా చేప

మా ఆయన మంచం పట్టిన నెలలోనే ఆయన చేప కూడా తిండి మానేసింది.

ఊరిగాంలో మాది పాత బంగారు గని కంపెనీ ఇల్లు. పైన రేకులు, ముందు ఒక గది, వెనక వంటిల్లు. ముందు గదిలో కిటికీ కింద ఆయన మంచం, ఎదురు గోడకు చేప తొట్టి. గని మూతబడ్డాక ఆయన రైల్లో బెంగళూరు పోయి వాచ్‌మన్ పని చేసి వచ్చేవాడు. అట్లా ఒకరోజు ప్లాస్టిక్ సంచిలో ఈ చేపను తెచ్చాడు. పఫర్ అంటారంట. వీపు పచ్చన, దానిమీద నల్ల చుక్కలు, పొట్ట తెల్లన. భయపడితే నీళ్ళు మింగి ఉండలా ఉబ్బుతుంది.

నేను వండిన చేపలేవీ కన్ను మూసి ఎరగవు. ఇది మూస్తుంది. ఒక కన్ను ఒకవైపు, ఇంకో కన్ను ఇంకోవైపు తిప్పుతుంది. ఎవరైనా గదిలోకి వస్తే అద్దం దగ్గరికి వచ్చి మొహంలోకి చూస్తుంది. దాని పళ్ళు మనిషి ముందు పళ్ళ మాదిరి ఉంటాయి. వాటిని నూరితే గదంతా వినబడేది. గని నడిచే రోజుల్లో నేల అడుగున రాయి పగిలితే మా ఇళ్ళలో గిన్నెలు కదిలేవి. ఆడవాళ్ళం చేతిలో పని వదిలేసి నేలకేసి చూసేవాళ్ళం. ఇప్పుడు కింద మనుషులు లేరు, నీళ్ళు నిండినాయంటారు. అయినా చేప పళ్ళు నూరినప్పుడల్లా నేను ముందు నేలకేసే చూసేదాన్ని.

మధ్యాహ్నాలు ఆయనకు బైబిల్లో కీర్తనలు చదివి వినిపించేదాన్ని. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఒక్కో మాట కూడబలుక్కుని ఒక వాక్యం ముగించేసరికి ఆయన నిద్రపోయేవాడు. చేప మాత్రం చివరిదాకా అద్దం దగ్గరే ఉండేది.

ఉన్నట్టుండి అది రావడం మానేసింది. తొట్టి అడుగున పడుకుంది. పొట్ట నల్లబడింది. ఉడికిన గుడ్డు వేసినా, రొయ్య ముక్క వేసినా దగ్గరికొచ్చి, చూసి, వెనక్కు పోయేది. అదే రోజుల్లో ఆయనా పళ్ళెం పక్కకు నెట్టడం మొదలుపెట్టాడు.

"అదే తినలేదు, నాకు మాత్రం లోపలికి యాడ పోతాది?" అన్నాడు.

"చేపకీ నీకూ పోటీనా? తిట్టేదానికి దానికి పెండ్లాం లేదు. నీకు ఉండాది. తిను."

నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. గనిలో పీల్చిన దుమ్ము అది. ముద్ద అట్లే చల్లారిపోయింది.

పక్కింటి అక్కకు ఆవు ఉంది. పాలు పోయడానికి వచ్చి, మంచాన్నీ తొట్టినీ మార్చి మార్చి చూసి, నన్ను వాకిట్లోకి పిలిచింది.

"దాన్ని అట్లే వదిలేయమ్మా. మందూ గిందూ ఎయ్యొద్దు."

"ఎందుకక్కా?"

"అది ఆయప్ప గండం ఎత్తుకోని ఉండాది. మా చిన్నాయన మంచంలో ఉన్నప్పుడు ఇంట్లో కుక్క పోయింది. తెల్లారి ఆయన లేసి కాఫీ అడిగినాడు. పెంచిన జీవం ఊరికే సావదు. అది పోతే ఆయప్ప నిలుస్తాడు. నువ్వు దాన్ని బతికిస్తే ఇంగ ఆ గండం యాడికి పోవాల?"

మా చర్చిలో ఇట్లాంటివి నమ్మకూడదంటారు. నేనూ నమ్మలేదనే అనుకున్నాను. కానీ ఆ పూట తొట్టిలో ఏమీ వేయడానికి చెయ్యి రాలేదు. చేప ఒక కన్ను నామీద పెట్టింది, ఇంకో కన్ను మంచం మీద పెట్టింది. దాని మొప్పలు లేచినప్పుడే ఆయన దుప్పటి లేస్తోంది. అవి పడినప్పుడే పడుతోంది. వంటింట్లో పాలు పొంగి మాడిన వాసన వస్తున్నా అక్కడే నిలబడిపోయాను.

"దానికి ఏమీ ఎయ్యలేదే?" మంచం మీదినుంచి ఆయన గొంతు.

"ఎట్లాగూ తినదు కదా."

"అది తింటేనే నేను తినేది."

ఈసారి ఎగతాళిగా అనలేదు. అక్క మాట వింటే ఈయన ఆకలితో పోతాడు. ఈయన మాట వింటే అక్క చెప్పింది జరుగుతుందేమో. ఆయనే మళ్ళీ అడిగాడు.

"తొట్టిలో నీళ్ళు యాడివి?"

"కేను నీళ్ళు. ఫిల్టర్‌వే పోసినా."

మా వైపు బోరు నీళ్ళు తాగితే పళ్ళు పచ్చబడతాయి. అందుకే రోగికైనా పసిబిడ్డకైనా నీళ్ళ ప్లాంటులో రూపాయి బిళ్ళ వేసి పట్టుకొచ్చిన కేను నీళ్ళే ఇస్తాం. తొట్టి పని నా చేతికొచ్చాక చేపకూ అవే పోశాను. అది నలతగా కనిపించేకొద్దీ ఇంకా పోశాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "అది ఏరు పోయి సముద్రంలో కలిసే మొగలో బతికేదే. దానికి ఉప్పు కావాల. మంచినీళ్ళు పోసి సంపుతుండావు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "బోరు నీళ్ళు పట్టి ఒక రోజు పెట్టు. మంచం కింద డబ్బాలో చేపను కొన్న అంగట్లో ఇచ్చిన ఉప్పుండాది, కలుపు. ఒకేసారి వద్దు, చెంబు చెంబుగా మార్చు. నత్తలు తెప్పించు, చిన్నవి. గట్టిది కొరకలేదు కదా, పళ్ళు పెరిగిపోయుంటాయి. పెంకు కొరికితేనే అరిగేది."

వేమగల్‌లో ఉన్న మా చెల్లెలికి ఫోను చేశాను.

"నత్తలా? పులుసు పెడతావా అక్కా?"

"చేపకు."

"బావకు పెట్టు, నీరసం పోతాది. చేపకు మందులు చేసే ఇల్లు నీదొక్కటే." అట్లా అంటూనే పొలం కాలువలో ఏరి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బస్సులో తెచ్చింది.

నీళ్ళు మార్చడం మొదలుపెట్టాను. ఒక చెంబు తీసి ఒక చెంబు పోయడం, చేపను చూడడం, తిరిగి మంచాన్ని చూడడం. రోజులు గడిచేకొద్దీ చేప పొట్ట తెల్లబడింది. అది తెల్లబడేకొద్దీ ఆయన మొహంలో నెత్తురు తగ్గుతున్నట్టు కనిపించేది. నేను మారుస్తున్నది నీళ్ళేనా అనిపించేది. పక్కింటి అక్క లోపలికి రావడం మానేసింది. గడప అవతలినుంచే పాలు పోసి పోయేది.

ఒక మధ్యాహ్నం చేప అడుగునుంచి పైకి లేచింది. ఒక నత్తను వేశాను. అది దగ్గరికి వచ్చింది. ఒక కంటితో చూసింది, పక్కకు తిరిగి రెండో కంటితో చూసింది. కొరికింది. పెంకు పగిలిన చప్పుడు గదంతా వినబడింది.

అప్పుడే నా వెనక ఆయన పిల్లికూతల ఊపిరి ఆగిపోయింది.

నేను తిరగలేదు. అద్దం మీద చెయ్యి అట్లే ఉంచాను. చేప నములుతోంది. పెంకు ముక్కలు ఒక్కొక్కటే అడుగుకు దిగుతున్నాయి. దాని కళ్ళు రెండూ నా భుజం మీదుగా మంచాన్ని చూస్తున్నాయి. వెనక ఏ చప్పుడూ లేదు.

"ఇంగొకటి ఎయ్యి," అన్నాడు ఆయన. "ఊపిరి బిగబట్టుకుని చూస్తుండాను."

ఇంకొకటి వేశాను. అంబలి గ్లాసు తెచ్చి ఆయనకిచ్చాను. ఒక గుక్క తాగి, చేపను చూసి, ఇంకో గుక్క తాగాడు. అద్దం వెనక అది నములుతూనే ఉంది.

పాల చెంబుతో పక్కింటి అక్క గడప అవతల నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు.

"ఇద్దరూ తింటుండారా?"

"తింటుండారక్కా."

ఆమె చాలాసేపు లోపలికి చూసింది. ఆ తర్వాత నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"అయితే నువ్వు జాగర్తగా ఉండమ్మా," అంది.