చిన్నాయన విన్న ఓడపాటలు

మొన్న అశోక్ నగర్‌లో ఒక పాత పుస్తకాల కొట్టు ముందు నిలబడి, అరవైల నాటి ట్రాన్సిస్టర్ రేడియోల రిపేరు పుస్తకం ఏదైనా ఉందా అని అడిగాను. ఆ వీధిలో ఎవరు ఏ పుస్తకం అడిగినా సర్కారు పరీక్ష కోసమే. కొట్టాయన నా తెల్లజుట్టు వంక జాలిగా చూసి, "ఏ పోస్టు సార్? ఏజ్ రిలాక్సేషన్ ఇచ్చిన్రా?" అన్నాడు. పరీక్ష కాదు, పరిశోధన అన్నాను. "గట్లయితే తొందరేముంది, చాయ్ తాగున్రి" అని స్టూలు వేశాడు. పుస్తకం దొరకలేదు గానీ చాయ్ బాగుంది. తాగుతున్నంతసేపూ చిన్నాయనే మనసులో మెదిలాడు.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. చిక్కడపల్లిలో మేడ మీద వాటా, తోలు తొడుగు వేసిన ఒక ట్రాన్సిస్టర్, ఇవే ఆయన వైభవం. ఏటేటా పోస్టాఫీసుకు వెళ్ళి రేడియోకు లైసెన్సు కట్టి, ఆ లైసెన్సు పుస్తకాన్ని రేషను కార్డుతో కలిపి పెట్టెలో దాచేవాడు. రేడియో సెల్లులు నీరసిస్తే పిట్టగోడ మీద అప్పడాల పక్కన ఎండబెట్టేవాడు. కాకి అప్పడం ఎత్తుకుపోతే ఊరుకునేవాడు గానీ, సెల్లు వైపు చూస్తే మాత్రం కర్ర పట్టుకునేవాడు. ఆ కాలంలో ఇంగ్లండులో కొందరు సర్కారు అనుమతి లేకుండా సముద్రంలో ఓడలు నిలిపి, వాటి మీది నుంచి పాటలు ప్రసారం చేసేవారు. ఈయన ఆ సంగతి ఏ పత్రికలో చదివాడో మరి, ఆదివారం సాయంత్రాలు డాబా మీద చాప పరిచి, చిన్నమ్మను పక్కన కూచోబెట్టుకుని, ఏరియల్ బారుగా లాగి, "విను, ఓడ మీదికెళ్ళి పాడుతున్నరు" అనేవాడు. ఇక చుట్టాలు వదులుతారా! హైదర్‌గూడలో పెళ్ళికి వెళ్ళినా, నారాయణగూడలో బారసాలకు వెళ్ళినా "ఏంది, ఓడ వచ్చిందా?" అన్నదే పలకరింపు. ఆయన పోయేదాకా ఆ వెక్కిరింత ఆగలేదు.

నేను రిటైరయ్యాక ఆ రేడియో మీద పడ్డాను. వచ్చే నెల చిన్నాయన తద్దినానికి చుట్టాలంతా వస్తారు. ఆయన చెప్పింది నిజమేనని రుజువులతో సహా వాళ్ళ ముందు చదివి, నవ్విన నోళ్ళు మూయించాలని నా పంతం. ఆరు నెలలు కళ్ళజోడు అరిగేలా పాత జాబితాలు చూశాను. దేశదేశాల రేడియో పిచ్చివాళ్ళతో ఉత్తరాలు నడిపాను. చివరికి ఆ ట్రాన్సిస్టర్ ఓడల కాలం నాటిదేనని తేలింది. ఎగిరి గంతేశాను. మర్నాడే ఇంకో సంగతి కూడా తేలింది. ఆ ఓడల పాటలు ఇంగ్లండు చుట్టుపక్కల వినిపించాయంటే గొప్ప, చిక్కడపల్లి దాకా రావడం వట్టిమాట. చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చినంత పనైంది. చిన్నమ్మకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

అయినా వెళ్ళాను. చిన్నమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నీళ్ళు నములుతూ మొత్తం చెప్పేశాను. ఆమె చెయ్యి ఆపలేదు.

"నాకెరుకే బిడ్డా. అవి సిలోను రేడియో పాటలు."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"మొదటి ఆదివారం నుంచే. పాట అయిపోయి, గా మాట్లాడెటోడు స్టేషను పేరు చెప్పే టైముకు మీ చిన్నాయనకు దగ్గు వస్తుండె. ఇల్లు ఎగిరిపోయేటట్ల దగ్గుతుండె. మల్ల పాట రాంగనే తగ్గుతుండె. నేను ఉరికి మిరియాల పాలు కాచి తెస్తుంటి. నమ్మినట్ల ఉండాలె గద."

నాకు నవ్వు ఆగలేదు. చిన్నమ్మా నవ్వింది. కాసేపటికి చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

"నాకు తెలుసని ఒక్కసారన్న చెప్పాల్సుండె. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకుంటనే ఉన్న. పాపం, ఊకెనే దగ్గిండు."

"మరి తద్దినం నాడు ఏం చదవమంటావు?"

"ఓడ వచ్చిందనే చదువు. నవ్వెటోళ్ళను నవ్వనీ."

అలాగే చదువుతాను. పరిశోధకుడిగా నా పరువు పోతే పోనీ. ఒక రేడియో వయసు తేల్చడానికి నాకు ఆరు నెలలు సరిపోయాయి. పక్కన కూచున్న మనిషికి ఒక్క మాట చెప్పడానికి చిన్నమ్మకు నలభై ఏళ్ళు చాలలేదు.