ఊరికే ఇవ్వని ఆమోసుగారు

ఆమోసుగారు ఊరికే ఏదీ ఇవ్వరు. ఊరికే ఏదీ పుచ్చుకోరు కూడా. భవానీపురంలో ఆయన గుమ్మం ఎక్కినవాళ్ళు ఎవరైనా సరే, ముందుగా వినే మాట ఒకటే: "మరి ప్రతిఫలం?"

కామర్స్ పిల్లలకు మర్కంటైల్ లా చెప్పి చెప్పి రిటైరైన మనిషి. ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదని చట్టంలో ఒక ముక్క ఉంది. ఆ ముక్క క్లాసులో వదిలేసి రావాలా, ఇంటికి పట్టుకొచ్చారు. పక్కింటి రత్తయ్య నిచ్చెన అడిగితే రెండు నిమ్మకాయలు తెమ్మన్నారు. పాస్టరుగారు వచ్చి ఆమోసుగారి మోకాలినొప్పి కోసం ప్రార్థన చేస్తే, ఆమెన్ అన్న మరుక్షణం ఆయన చేతిలో అరటిపండు పెట్టారు. పాస్టరుగారు మొహమాటపడి వద్దంటే, పుచ్చుకోకపోతే నొప్పి తగ్గినా చెల్లదన్నారట. భార్య సువార్తమ్మగారు కాఫీ తెచ్చినప్పుడల్లా కప్పు అందుకునే ముందు ఒక చరణం కీర్తన పాడతారు. ఆ గొంతు భరించలేక ఆవిడ రెండో కాఫీ ఇవ్వడం మానేశారు. ఎంగిలిచేత్తో కాకిని తోలడని వీధి వీధంతా ఆయనకు పేరు పెట్టింది.

ఇక ఇల్లు చూడాలి. వీధిగదిలో కాంట్రాక్టు చట్టాలు, పడకగదిలో వర్తక చరిత్రలు, మేడమెట్ల మీద మంచు సముద్రాలకు శాస్త్రం వెతుక్కుంటూ పోయినవాళ్ళ ప్రయాణాలు. వంటింట్లో పప్పుల డబ్బాల వెనక వేరే గ్రహాల నవలలు. కందిపప్పు కోసం చెయ్యి పెడితే రాకెట్లు తగులుతున్నాయని సువార్తమ్మగారి గోల.

ఎదురింటి దీవెనకు మాత్రం అది ఇల్లు కాదు, లోకం. ఈ నాలుగు రకాల పుస్తకాలకూ పొంతనేమిటి మాస్టారూ అని ఒకసారి అడిగింది. అడిగినందుకు కరివేపాకు రెబ్బ పుచ్చుకుని మరీ చెప్పారాయన.

"అన్నీ ఒకటే పుస్తకం అమ్మాయ్. బందరు రేవులో మన అద్దకం గుడ్డలు ఓడెక్కితే, ఎక్కడి దీవుల్లోవో లవంగాలు దిగేవి. మంచు దేశం పోయినవాడికి ప్రకృతి ఒక కొత్త సంగతి చూపించి, కాలివేళ్ళు పుచ్చుకుంది. రేపు ఇంకో గ్రహంవాడు బ్యారేజీ మీద దిగాడనుకో. కర్ర తీస్తే యుద్ధం. ఏం తెచ్చావు, ఏం కావాలి అని అడిగితే స్నేహం."

దీవెన నోరెళ్ళబెట్టి విన్నది. ఆ రోజు నుంచి లా చదవాలన్నది ఆమెకు పట్టుకుంది. చిక్కల్లా నాన్నతోనే. ఏసుపాదం ఇళ్ళకు రంగులు వేస్తాడు. ఊరికే వచ్చింది గడప దాటనివ్వడు. స్కూల్లో ఎవరో దాతలు పంచిన సంచీని కూతురి చేతే వెనక్కి ఇప్పించిన ఘనుడు. కొనే స్తోమత లేదు, ఊరికే తెచ్చుకునే వీల్లేదు. ఇక చదువెట్లా? ఆమోసుగారి పుణ్యమా అని సాగింది. పుస్తకానికో జామకాయ, ఇంకో పుస్తకానికి గుప్పెడు మునగాకు. ఒకసారి చేతిలో ఏమీ లేక ఒక జోకు చెప్పింది. నవ్వు రాలేదు కాబట్టి ఒప్పందం చెల్లదని పుస్తకం వెనక్కి లాక్కున్నారు. రెండో జోకుకు ఇచ్చారు.

చివరికి లా కాలేజీలో సీటు వచ్చింది. ఆ కబురు వినగానే ఆమోసుగారు వీధిగది అలమారా మొత్తం దింపి గోతాలకెత్తారు. కూతురితో కలిసి వచ్చిన ఏసుపాదం గోతాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇన్ని పుస్తకాలకి మా దగ్గరేముందండి ఇవ్వడానికి? వద్దులెండి మాస్టారండీ."

దీవెన గోతాల వంక చూసింది. నాన్న వద్దంటే వద్దే. ఇవి లేకపోతే సీటు ఉండి ఏం లాభం?

ఆమోసుగారు చుట్టూ చూశారు. చూసి చూసి గేటు దగ్గర ఆగారు.

"గేటుకి రంగు వేయాలి ఏసుపాదంగారూ. మీ పని, నా పుస్తకాలు. సమ్మతమేనా?"

ఏసుపాదం మొహం విప్పారింది. అప్పటికప్పుడే ఇంటికి వెళ్ళి బ్రష్షులూ డబ్బా తెచ్చుకుని కూర్చున్నాడు.

వంటింట్లో సువార్తమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఏమిటి మామ్మగారూ అని దీవెన అడిగితే, ఆ గేటుకి పోయిన నెలలోనే రంగు వేయించామన్నారు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. ఒకప్పుడు ఆమోసుగారిది ఎముక లేని చెయ్యి. అడిగినవాడికల్లా పుస్తకాలు పంచేవారు. దీవెనావాళ్ళు ఈ వీధికి వచ్చిన కొత్తలో చిన్నపిల్ల చదువుకుంటుందని బొమ్మల పుస్తకం ఒకటి ఇస్తే, ఏసుపాదం మర్నాడే తెచ్చి దణ్ణం పెట్టి వెనక్కిచ్చేశాడు.

"ఆయన రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదే. మీ నాన్న ఒక్కడినే ఏదైనా ఇమ్మని అడిగితే మీ కోసమేనని తెలిసిపోతుందని, వీధిలో అందర్నీ అడగడం మొదలుపెట్టారు. పాస్టరుగారితో సహా. నేను కాఫీకి కీర్తనలు వింటున్నది నీ మూలానే."

ఇన్నేళ్ళూ ఊరంతా నవ్వుతుంటే పిసినారి పేరు మోశాడా ఈ మనిషి, తమ ఒక్క ఇంటి కోసం? దీవెన కళ్ళు తుడుచుకుని, మంచినీళ్ళ చెంబు పట్టుకుని బయటికి వచ్చింది. నాన్న తళతళలాడే గేటు మీద మళ్ళీ రంగు పూస్తున్నాడు.

"నాన్నా, ఈ గేటుకి..."

"తెలుసమ్మా. రంగులేసేవాణ్ణి, కొత్త రంగు తెలీదా? ఆయన అడగడానికి అంత తంటాలు పడ్డాడు. మనం వెయ్యకపోతే ఎట్టా?"

గేటు అయిపోయింది. ఏసుపాదం లేవలేదు. పక్కనే పెచ్చులూడిన పిట్టగోడ మీదికి బ్రష్షు జరిపాడు. అరుగు మీది నుంచి ఆమోసుగారు మోకాలినొప్పి మరిచిపోయి పరిగెత్తుకొచ్చారు. గోడ ఒప్పందంలో లేదన్నారు. దానికి తానేమివ్వాలో తేలకుండా బ్రష్షు కదపడానికి వీల్లేదన్నారు.

ఏసుపాదం తల ఎత్తలేదు.

"ఇది ఊరికేనండి మాస్టారూ."

ఆమోసుగారికి సెక్షన్ ఏదీ దొరకలేదు కాబోలు. లోపలికి తిరిగి, ఏసుపాదంగారు కూడా మనతోనే భోంచేస్తారని భార్యకు చెప్పారు. ప్రతిఫలం మాట ఎత్తలేదు.

ఏసుపాదం గోడ పూర్తి చేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. పప్పు రెండోసారి అడిగి వేయించుకున్నాడు.