ఎవరూ కోరని తాటిచెట్టు

దుబ్బయ్య పాతికేళ్లుగా కల్లు గీస్తున్నాడు. చిన్నకోడూరు పక్క తాటివనంలో గీసేవాళ్లంతా ఏటా కూచుని, చీటీలు వేసి చెట్లు పంచుకుంటారు. అందులో ఒకటి ఐలయ్య చెట్టు. ఐలయ్య అనే ఆయన దాని మీంచి పడి చనిపోయాక ఆ పేరు పడింది. మూడేళ్లుగా అది దుబ్బయ్యకే వస్తోంది. వస్తే ఎక్కాడు, గీశాడు, దిగాడు. ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాడు. చీటీతో ఉన్న సుఖమే అది, మంచైనా చెడైనా ఆ పూచీ మన మీదికి రాదు.

ఈ ఏడు గీతకార్మికుల సంఘం పెద్ద గజేందర్‌కు దుబ్బయ్య మీద జాలేసింది.

"ఈసారి చీటీలు లెవ్వు. దుబ్బయ్యా, ముంగట నువ్వే కోరుకో."

దుబ్బయ్య ఠక్కున కాలువ పక్క చెట్టు కోరుకున్నాడు. తలా ఒకటి కోరుకోగా ఐలయ్య చెట్టు నాగేశ్‌కు మిగిలింది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి కొత్తగా చెట్లెక్కే మోకు పట్టినవాడు, ఏమంటాడు పాపం! తలూపాడు.

మూడోనాడు పొద్దున దుబ్బయ్య కాలువ చెట్టు మీదున్నాడు. ఎదురుగా ఐలయ్య చెట్టు మీద ఎవరో వంగి గీస్తున్నారు. మట్టల చాటున ముఖం కనబడలేదు గానీ కత్తి చప్పుడు వినబడుతూనే ఉంది.

"పైలం నాగేశూ, జారేవు!" అని కేకేశాడు.

ఆ మనిషి చేయెత్తి ఊపాడు. దుబ్బయ్యా ఊపాడు.

దిగి అటు వెళ్తే చెట్టు మీద ఎవరూ లేరు. చెట్టు మొదలు దగ్గర దుమ్ములో ఒక్క అడుగు జాడ కూడా లేదు. ఒళ్లు జలదరించి, నేరుగా నాగేశ్ ఇంటికి నడిచాడు. నాగేశ్ దుప్పటి కప్పుకుని మంచంలో ఉన్నాడు.

"జరమన్నా. మొన్నటి సంది లేవలే. ఆ చెట్టు ఇంకా ముట్టనే లే. రేపు ఎక్కుత."

దుబ్బయ్య ఆలోచనలో పడ్డాడు. చూసింది చెబితే పిచ్చోడంటారు. ఊరుకుంటే నాగేశ్ ఎక్కుతాడు. ఇన్నాళ్లూ తనను పంపింది చీటీ. మరి నాగేశ్‌ను పంపుతున్నదెవరు? ఎటు తిప్పి చూసినా జవాబు ఒక్కటే. కాలువ చెట్టు తనకు కోరుకున్ననాడే ఐలయ్య చెట్టును ఇంకొకడికి కోరాడు. సిగ్గుతో తల వాలిపోయింది.

"నా చెట్టు నువ్వు తీస్కో. ఐలయ్య చెట్టు నేనెక్కుత."

"ఎందుకన్నా? నచ్చే తీస్కున్నవ్ గదా?"

"ఇప్పుడు గా చెట్టు నచ్చింది," అని బయటపడ్డాడు.

తెల్లవారి భార్య స్వరూప వనం దాకా వెంటబడి వచ్చి చేయి పట్టుకుంది.

"ఇన్నేండ్లు చీటీ పొమ్మన్నది, పోయినవ్. ఇయ్యాల ఎవలు పొమ్మన్నరయ్యా?"

"ఎవలూ అనలే. నేనే పోతున్న."

ఆ మాట తన నోటనే వింటుంటే, చెట్టు పైనున్నదాని కంటే ఆ మాటకే ఎక్కువ భయమేసింది దుబ్బయ్యకు. స్వరూప చేయి మెల్లగా విడిపించుకుని, మోకు బిగించి, చెట్టు మీద కాలు మోపాడు.