మొలతాడుకు కట్టిన తాళంచెవి

లింబాద్రికి కోపం తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం పోదు. జగిత్యాల దగ్గరి పల్లె విడిచి కతర్ వచ్చి ఆరేళ్లు, వరల్డ్ కప్ స్టేడియానికి ఇనుప చువ్వలు కట్టే పని. తొలి కాన్పుకు ఇంటికి పోలేకపోయాడు. మూడేళ్లకు పోతే కన్నకూతురే అతణ్ణి చూసి జడుసుకుని ఏడ్చింది. కిందటేడు ఇంకోసారి పోయొచ్చాడు, ఇప్పుడు భార్య సుమలతకు మళ్లీ నెలలు నిండుతున్నాయి. సెలవు దొరికింది గాని పాస్‌పోర్టు చేతికి రాలేదు. స్లాబు పని కానీ చూద్దామంటూ క్యాంప్ బాస్ రామకృష్ణారావు నాలుగుసార్లు తిప్పాడు.

అంతలో ఫ్రాన్సు నుంచి పెద్ద కంపెనీవాళ్లు తనిఖీకి వస్తున్నారని కబురు. వాళ్ల దేశంలో కొత్త చట్టమట. కింది కాంట్రాక్టరు కూలీలకు అన్యాయం చేసినా పైనున్న కంపెనీ జవాబు చెప్పుకోవాలట. రెండు రోజుల్లో క్యాంపు పెళ్లిల్లయింది. మంచానికొక ఇనుప పెట్టె, పెట్టెలో పాస్‌పోర్టు. తనిఖీనాడు పొద్దున తాళంచెవులు పంచిన రామకృష్ణారావు, సాయంత్రం తిరిగి ఇచ్చెయ్యాలన్నాడు. ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా? లింబాద్రి తన చెవిని మొలతాడుకు ముడేసుకున్నాడు.

తనిఖీకొచ్చిన దొరసానికి మాటలు తర్జుమా చేసి చెప్పడానికి, నగరంలో అల్ ముంతజా పేటలో ఉండే కాకినాడ అమ్మాయి అరుంధతి వచ్చింది. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందని అడిగితే, మా దగ్గరేనని అందరూ నేర్పిన పాఠం అప్పజెప్పారు. లింబాద్రి చొక్కా ఎత్తాడు.

"మేడం, చెవి ఈడున్నది. పొద్దుగూకినంక ఇయ్యమన్నరు. మా దిక్కు మొలతాడు పాణం పోయినంకనే తెంపుతరు. తెంపెటందుకు ఎవరొస్తరో సారును అడుగుండ్రి."

మొలతాడంటే ఏమిటో అరుంధతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక్క ముక్క వదలకుండా దొరసానికి చెప్పింది. దొరసాని రామకృష్ణారావు వైపు తిరిగి, సాయంత్రం చెవులు తీసుకునేది ఎవరని అడిగింది. ఆయన చేతిలోని జాబితా తిరగేయసాగాడు. ఈలోగా పక్క మంచం భూమేష్ తన చెవినీ మొలతాడుకు కట్టుకోసాగాడు. చూస్తుండగానే గదిలో పన్నెండు మందీ చొక్కాలెత్తారు. ఏం చెప్పను, ఆ దృశ్యం చూడ్డానికి రెండు కళ్లు చాలవు.

"చెవులు మీవే. ఎవరైనా వెనక్కి అడిగితే ఈ కాంట్రాక్టే ఉండదని ఆవిడ సారు చేత రాయించి సంతకం పెట్టించుకుంటున్నారు," అంది అరుంధతి.

ఆ సాయంత్రం చెవులడగడానికి ఎవరూ రాలేదు. కాన్పుకు పదకొండు రోజుల ముందే లింబాద్రి ఇల్లు చేరాడు. ఇరవై ఒకటో నాడు కొడుకు నడుముకు మొలతాడు తనే కట్టాడు. వంగినప్పుడు అతని నడుము దగ్గర ఏదో మెరిస్తే అత్త ముత్తవ్వ చూసింది. ఆమెకు కతరైనా దుబాయే.

"దుబాయిల పెట్టెకు ఈడ చెవెందుకు అల్లుడా?"

"నా చెవి గద అత్తా. నా తాన్నే ఉంటది," అన్నాడు లింబాద్రి.