సంపాదకుడి పేరు

మనవరాలు గోళ్ల రంగు సీసా మూత తీయగానే నాకు ఒళ్లు మండిపోయింది. పాపం, దాని తప్పేం లేదు. ఆ వాసన అచ్చం నా చిన్నప్పుడు స్టెన్సిల్ మీద, అంటే సైక్లోస్టైల్ ప్రతులు తీసే మైనం కాగితం మీద, తప్పులు దిద్దే మందు వాసన.

ఫిజీ నుంచి వచ్చి సర్రే ఊళ్లో స్థిరపడ్డ మావాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో అప్పట్లో సీబీ రేడియో క్లబ్బు నడిచేది. లారీల్లోనూ ఇళ్లలోనూ రేడియోలు పెట్టుకుని కబుర్లాడుకునే నలభైమంది సభ్యులకు నెలనెలా పత్రిక వెళ్లేది. వార్తలు రాసేది అమ్మ, స్టెన్సిల్ మీద టైపు కొట్టేది అమ్మ, సైక్లోస్టైల్ యంత్రం తిప్పేది అమ్మ. చివర సంపాదకుడిగా మాత్రం నాన్న పేరు.

"నీ పేరేదమ్మా?" అని అడిగాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు.

"రేడియోవాళ్లం అసలు పేర్లు చెప్పుకోకూడదురా, మారుపేర్లే," అంది.

అయితే నాన్న నియమం తప్పాడన్నమాట! అమ్మ వంటింట్లోకి వెళ్లగానే స్టెన్సిల్ మీద ఆయన పేరు మొత్తానికీ మందు పూసేశాను. ఆ నెల ప్రతులన్నిట్లోనూ అక్కడ ఖాళీయే వచ్చింది.

నాన్న నా చెంప వాయించాడు. "నా పత్రికలో నా పేరే లేదా? కళ్లెక్కడ పెట్టుకున్నావే?" అని అమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"చూసుకోలేదండీ," అంది అమ్మ.

అబద్ధం. ఒక్క కామా తప్పినా కాగితం చించి మళ్లీ కొట్టే మనిషి. అమ్మ పోయాక ఆమె పెట్టెలో, పదకొండేళ్ల పత్రికల్లోంచి ఆ ఒక్క సంచికే దొరికింది. ఆ ఖాళీలో తన పేరు రాసుకోలేదు. ఎదిగిన కొడుకుని, నేను మాత్రం అక్కడ ఆమె పేరు రాశానా?