నలుగు వేళకు మాచర్ల బస్సు

ఎదుటి మనిషి చెప్పేది వినకుండా ఆ రోజు పొద్దున ఒక ఆడపిల్ల ప్రయాణం ఆపేశాను. తప్పు పూర్తిగా నాదే.

నరసరావుపేటలో మా కింది వాటాలో అద్దెకుండే అమ్మాయిది ఫిలిప్పీన్స్. భర్తది రెంటచింతల. ఇద్దరూ గల్ఫ్‌లో ఒకే ఆసుపత్రిలో పనిచేస్తూ పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చేశారు. నన్ను బాబాయ్ అనీ, మా ఆవిడను పిన్ని అనీ పిలుస్తుంది. ఆ సాయంత్రం రెంటచింతలలో ఆమె ఆడపడుచుకు నలుగు. పెళ్లికూతురికి మొదట నలుగు పెట్టేది వదిన. ఉన్న ఒక్క వదినా ఈ అమ్మాయే. భర్త పెళ్లిపనుల మీద ముందే వెళ్లాడు కాబట్టి ఆమెను మేం తీసుకెళ్లాలి.

బయల్దేరబోతూ పాస్‌పోర్టు నా చేతికిచ్చింది.

"నీ సంచిలో పెట్టు బాబాయ్. నా దాంట్లో పూలున్నాయి, తడి."

నేను బస్సు కండక్టరుగా రిటైరయినవాణ్ణి. చేతికి కాగితం వస్తే ముందు తేదీ చూస్తాను. వీసా గడువు అంతకు ముందురోజే తీరిపోయింది.

"డేటు దాటిందమ్మాయ్. కొత్తది వచ్చేదాకా నువ్వు ఊరు కదలగూడదు. ఎవరన్నా అడిగితే మీ ఆయన కూడా ఇరుక్కుంటాడు."

ఆమె ఫోను తీసి ఏదో చూపించబోయింది. నేను చూడలేదు. గడువు తీరిన పాసుతో బస్సెక్కి కథలు చెప్పేవాళ్లను చాలామందిని చూశాను, ఇదీ అంతే అనుకున్నాను. అంతటితో ఆగినా బాగుండేది. వాళ్ల అత్తగారికి ఫోన్ చేసి, కోడలి వీసా అయిపోయింది, రాలేదు, నలుగుకి వేరేవాళ్లను చూసుకోండని కూడా చెప్పేశాను. ఆ అమ్మాయి తలలో పూలు తీసి మెట్టు మీద పెట్టి, లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

"ఆ పిల్ల ఏం జూపిస్తందో చూశావా?" అంది మా ఆవిడ.

"లేదు."

"చూడకుండానే దింపేశావా? రిటైరయినా ఆ బస్సు దిగలేదయ్యా నువ్వు."

ఇంతలో ఆమె భర్త ఫోన్ చేశాడు.

"ఏంది బాబాయ్ ఇది? గడువు తీరకముందే రెన్యువల్‌కి పెట్టాం. అందినట్టు వచ్చిన రసీదు ఆమె ఫోన్లోనే ఉంది. వాళ్లు ఏదో ఒకటి తేల్చేదాకా ఇక్కడ ఉండొచ్చని ఆఫీసులో చెప్పారు. దేశం మాత్రం దాటొద్దన్నారు. రెంటచింతల వేరే దేశమా?"

"ఆ ఎండ చూస్తే అట్టానే ఉంటది."

అతను నవ్వలేదు. "మా అమ్మ పక్కింటామెను బతిమాలతా ఉంది. తొందరగా రండి."

కింది వాటా తలుపు తట్టాను. "నేను తప్పు మాట్లాడాను. పద అమ్మాయ్, పోదాం."

లోపల్నుంచే అడిగింది: "టిక్కెట్టు ఎవరు కొంటారు?"

"నేనే."

తలుపు తెరిచి, మెట్టు మీది పూలు మళ్లీ తలలో పెట్టుకుంది.

మాచర్ల బస్సులో నాకు దొరికిన సీటు ఆమెకిచ్చి గురజాల దాకా నిలబడ్డాను. అక్కణ్ణుంచే వాళ్ల అత్తగారికి ఫోన్ చేశాను. "కోడలు వస్తంది. మొదటి చెయ్యి ఆమెదే."

"మళ్లీ మాట మారుస్తారా అన్నయ్యగారూ?"

"ఇంక మార్చను."

మేం వెళ్లేసరికి పెళ్లికూతురు పీట మీద బిగుసుకుని కూర్చుని ఉంది. వదిన వస్తేనే గానీ ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వనని మొండికేసిందట. మా కింది వాటా అమ్మాయి కొంగు దోపుకుని గిన్నె అందుకుంది. ముందు పద్ధతిగా చెంపలకు పెట్టింది, ఆ తర్వాత ముక్కుకీ చెవులకీ పూసింది. పందిరంతా ఒకటే నవ్వు. పీట దగ్గర్నుంచి ఇవతలికొస్తూ నా బట్టతలకు కూడా ఇంత రాసింది.

"ఇది నీకు ఫైన్ బాబాయ్."

నా పక్కనున్న పెద్దావిడ గొంతు తగ్గించి అడిగింది. "ఆ పిల్లకి వీసా అయిపోయిందంటగా, పంపించేస్తారా?"

పొద్దుటి నా మాట మాకన్నా ముందే ఊరు చేరింది. నేను లేచాను. నలుగు పిండి తలమీద అట్లాగే ఉండగా ముందు వరస నుంచి మొదలుపెట్టాను. "దరఖాస్తు టైముకే పెట్టారు. అది తేలేదాకా ఇక్కడే ఉండొచ్చు. పొద్దున నేనే తెలీక వాగాను" అని వరసలవారీగా చెప్పుకుంటూ పోయాను. వెనక పొయ్యిల దగ్గర ఉల్లిపాయలు తరిగేవాళ్లతో సహా ఎవరినీ వదల్లేదు.